హీరో బండనెత్తితే పక్కవాడి భుజం ఎందుకు పట్టుకుంటాం?

2024 సంక్రాంతికి తెలుగులో నాలుగు పెద్ద సినిమాలు పోటీ పడ్డాయి. వాటిలో జనవరి 12న వచ్చిన ‘హను-మాన్’ మన తెలుగు సూపర్‌హీరో సినిమా. తీసిన ప్రశాంత్ వర్మది పాలకొల్లు. రాజోలు నుంచి చించినాడ వంతెన దాటితే ఎంతో దూరం లేని ఊరు. పండక్కి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, గల్ఫు దేశాల నుంచి ఇల్లు చేరిన కోనసీమ కుర్రాళ్ళు భోగి మంట దగ్గర కలిసినప్పుడు ముందుగా వచ్చే మాట ‘ఏ సినిమాకెళ్దాం బావా?’ అనే. ఒక్కడే వెళ్ళే ఆలోచన ఎవరికీ రాదు. అమలాపురమైనా, కొత్తపేటైనా, రాజోలైనా కనీసం నాలుగు టిక్కెట్లు తెగాల్సిందే.

‘హను-మాన్’లో అంజనాద్రి అనే ఊరి కుర్రాడికి సముద్రంలో ఒక మణి దొరుకుతుంది. అది పగటి వెలుగులోనే పనిచేస్తుంది. దాని బలంతో అతను బండలెత్తుతాడు, గాల్లోకి లేస్తాడు. ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద దాదాపు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. మణి వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు అనుకుంటే దానికి అందేది 0.1 వాటు. ఒక టన్ను బండను మీటరు ఎత్తుకు లేపాలంటే 9,800 జౌళ్ళ శక్తి కావాలి. పడిన వెలుగులో రవ్వంత కూడా వృథా పోకుండా దాచుకున్నా అది 98,000 సెకన్ల పని. అంటే 27 గంటల పైచిలుకు. అదీ సూర్యుడు నడినెత్తి మీంచి కదలకుండా నిలబడితే. టన్ను బండ అంటే పెద్దదేమీ కాదు, ఇద్దరు మనుషులు చేతులు చాపి చుట్టెయ్యగలిగినంతే.

ఇంజనీరింగు చదివిన ఏ స్నేహబృందమైనా హాలు బయట టీ కొట్టు దగ్గర ఈ లెక్క వెయ్యగలదు. లోపల మాత్రం ఎవరూ వెయ్యరు. బండ నేల విడిచిన క్షణంలో చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి, గుండె వేగం పెరుగుతుంది, నోట్లోంచి ఈల వస్తుంది, చెయ్యి వెళ్ళి పక్కవాడి భుజం మీద పడుతుంది. 1980లో ఎన్టీ రామారావు ‘సూపర్‌మ్యాన్’ చూసినవాళ్ళకీ, అంతకు ముందు 1957లో ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ణి చూసినవాళ్ళకీ ఇదే అనుభవం. ఇందులో సినిమా వాటా ఎంత, పక్కన కూర్చున్న స్నేహితుడి వాటా ఎంత? శాస్త్రవేత్తలు గత పాతికేళ్ళలో ఈ ప్రశ్నను రెండు వైపుల నుంచీ గట్టిగానే తవ్వారు. తవ్వినకొద్దీ స్నేహితుడి వాటా మనం అనుకున్నదాని కంటే పెద్దదని తేలుతోందని నా నమ్మకం.

ముందు సినిమా వాటా చూద్దాం. మన జనం ‘ఎలివేషన్’ అని పిలిచే ఘట్టం ఎలా కడతారో గుర్తు చేసుకోండి. మొదట నేల మీద పాదం. తరవాత పిడికిలి. లేచిన దుమ్ము. వెనక నుంచి వీపు. ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహాల్లో భయం. నేపథ్య సంగీతం ఒక్కో మెట్టూ ఎక్కుతుంటుంది, ముఖం మాత్రం చూపించరు. చూపించేది అన్నిటికంటే చివర, డప్పు దెబ్బ పడ్డ లిప్తలో. ఈ ఆలస్యంలో పెద్ద మర్మం ఉంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోరే బృందం 2011లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. మనుషులకు తమకిష్టమైన సంగీతం వినిపిస్తూ మెదడును స్కాన్ చేశారు. ఒళ్ళు జలదరించే ఘట్టంలో డోపమిన్ అనే మెదడు రసాయనం విడుదల కావడం ఒక సంగతి. అసలు విశేషం ఏమిటంటే, ఆ ఘట్టం రావడానికి కొన్ని సెకన్ల ముందే, ‘ఇదిగో వస్తోంది’ అన్న ఎదురుచూపులోనే, మెదడులో ఇంకో భాగంలో డోపమిన్ ఊరుతోంది. ఎదురుచూపుకి ఒక చోటు, అందుకోవడానికి మరొక చోటు. హీరో ముఖాన్ని ఆపి ఆపి చూపించే దర్శకుడు మనకు రెండు సుఖాలూ ఇస్తున్నాడన్నమాట.

వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మరీ పాతకాలపు పని. ప్రతి రోమం మొదట్లో ఒక బుల్లి కండరం ఉంటుంది. చలికీ భయానికీ పనిచేసే నాడులే దాన్ని లాగుతాయి. బొచ్చున్న జంతువుకైతే ఒళ్ళు పెద్దదిగా కనిపించి శత్రువు వెనక్కి తగ్గుతాడు, చలికి వెచ్చదనమూ దొరుకుతుంది. మనకు బొచ్చు పోయినా కండరం మిగిలింది. పెద్ద శబ్దం, ఊహించని మలుపు, మహత్తు అనిపించే దృశ్యం ఏదైనా సరే దాన్ని లాగేస్తుంది.

శబ్దం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కొత్త సౌండ్ సిస్టం పెట్టిన హాల్లో గుండెల్లో దడ పుట్టించే మోత ఉంటుంది చూశారూ, అందులో చెవికి సరిగ్గా అందని అడుగు స్థాయి ధ్వనులు కూడా ఉంటాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక కచేరీ జరుగుతుండగా అలాంటి అతిమంద్ర ధ్వనులను మధ్యమధ్యలో వేస్తూ, తీస్తూ పోయారు. వేసినప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువ ఊగారు. వేశారన్న సంగతే వాళ్ళకు తెలియలేదు. 2022లో వచ్చిన ఫలితం ఇది. డప్పు, తాషా వింటూ పెరిగిన కోనసీమ వాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోయేదేమీ ఉండదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్క మనిషి ఒంట్లో జరిగేవి. హాలు నిండా ఉన్నవాళ్ళ మెదళ్ళ మాటేమిటి? ఉరీ హసన్ అనే నాడీశాస్త్రవేత్త 2004లో కొందరిని విడివిడిగా స్కానర్లో పడుకోబెట్టి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ అనే కౌబాయ్ సినిమాలో అరగంట భాగం చూపించాడు. చూసింది ఎవరికి వారే, వేర్వేరు వేళల్లో. అయినా వాళ్ళ మెదడు పైపొరలో చాలా భాగంలో చురుకుదనం సినిమాలో అవే చోట్ల పెరిగి, అవే చోట్ల తగ్గింది. తరవాత వేర్వేరు దృశ్యాలతో పోల్చి చూశారు. హిచ్‌కాక్ తీసిన ఒక ఉత్కంఠ కథకు పైపొరలో 65 శాతం భాగం మనుషులందరిలో ఒకేలా స్పందించింది. కౌబాయ్ సినిమాకు 45 శాతం. పార్కులో ఊరికే కెమెరా పెట్టి తీసిన దృశ్యానికి 5 శాతం లోపే. అంటే కట్టుదిట్టంగా తీసిన సినిమా మన చూపునీ, వినికిడినీ, ఊహనూ తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది. సూపర్‌హీరో సినిమా అయితే మరీను. ఎక్కడ చూడాలో, ఎప్పుడు ఉలిక్కిపడాలో ప్రతి షాటూ చెబుతూనే ఉంటుంది.

గుండె కూడా ఈ వరసలో చేరుతుందని 2021లో పారిస్, న్యూయార్క్ శాస్త్రవేత్తలు కలిసి చూపించారు. జూల్స్ వెర్న్ సాగర నవల ఒకటి మనుషులకు విడివిడిగా వినిపిస్తే కథలో అవే మలుపుల దగ్గర అందరి గుండె వేగం పెరిగింది, అవే చోట్ల తగ్గింది. వింటున్నవాళ్ళ ధ్యాస మళ్ళించగానే ఆ పోలిక సడలింది. హాల్లో ఫోను తీసి రీల్స్ చూసుకునేవాడు వరస నుంచి బయటికి పోయాడన్నమాటే. ఒంటరిగా ఉన్నా, పదిమందిలో ఉన్నా శ్రద్ధగా చూసేవాళ్ళను సినిమా తనంతట తానే ఒక తాటి మీదికి తెస్తుంది. ఇది మర్చిపోయి మొత్తం గొప్పతనం ‘కలిసి చూడటం’ ఖాతాలో రాసేస్తే లెక్క తప్పుతుంది. ‘మిర్రర్ న్యూరాన్లు’ అనే ఒక్క మాటతో ఈ వ్యవహారమంతా తేల్చేసే వ్యాసాలు తెలుగులో చాలా వచ్చాయి. ఎదుటివాడి పని చూసినా, అదే పని తామే చేసినా ఒకేలా మేల్కొనే ఆ కణాలను 1990లలో ఇటలీలోని పార్మాలో కోతుల మెదళ్ళలో కనుక్కున్న మాట నిజమే. వాటి మీద ఇంత బరువు మోపడం మాత్రం నాకు సరైనదిగా అనిపించదు.

మరి స్నేహితుడు చేసేదేమిటి? యేల్ విశ్వవిద్యాలయంలో ఎరికా బూత్‌బీ బృందం 2014లో చేసిన ప్రయోగం చాలా సాదాసీదాది. ఒక మనిషికి చాక్లెట్ ముక్క ఇచ్చి తినమన్నారు. పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటాడు. ఒకసారి ఆ పక్కమనిషి కూడా అదే చాక్లెట్ తింటాడు, ఇంకోసారి వేరే పని చేసుకుంటుంటాడు. మాటల్లేవు, సైగల్లేవు. ఇద్దరూ ఒకేసారి తిన్నప్పుడు చాక్లెట్ ఎక్కువ రుచిగా ఉందన్నారు. చేదు చాక్లెట్ ఇస్తే, కలిసి తిన్నప్పుడు అది ఇంకా తక్కువ నచ్చిందన్నారు. అనుభవం పంచుకుంటే బాగున్నది మరింత బాగుంటుంది, బాగోలేనిది మరింత విసుగు పుట్టిస్తుంది. స్నేహితులతో వెళ్ళిన సినిమా బాగుంటే ఏడాదిపాటు చెప్పుకోవడం, చెత్తగా ఉంటే టిక్కెట్లు తీసినవాణ్ణి ఏడాదిపాటు ఏడిపించడం ఇందుకే. రెండేళ్ళ తరవాత అదే బృందం ఇంకో మెలిక కనిపెట్టింది. పక్కనున్నది ముక్కూమొహం తెలియనివాడైతే, లేదా వేరే గదిలో ఉంటే, ఈ పెరుగుదల కనిపించలేదు. అనుభవం చిక్కబడాలంటే పక్కవాడు కొద్దోగొప్పో తెలిసినవాడై ఉండాలి, అక్కడే ఉండాలి.

నవ్వు విషయంలో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో రాబర్ట్ ప్రొవైన్ నవ్వు మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని తేల్చాడు. 2017లో ఫిన్లాండులోని తుర్కులో 12 మంది మగవాళ్ళను వాళ్ళ ఆప్తమిత్రులతో కలిపి కూర్చోబెట్టి అరగంట సేపు హాస్య దృశ్యాలు చూపించి, ఆ వెంటనే మెదడు స్కాన్ తీశారు. మెదడులో ఎండార్ఫిన్లు విడుదలయ్యాయి. నొప్పిని మరిపించి హాయినిచ్చే మన ఒంటి సొంత మందు అది. స్నేహితుల మధ్య నవ్వు ఎందుకంత ఇష్టమో ఇంతకంటే సూటిగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు.

నవ్వు లేకపోయినా, గుండె బరువెక్కించే కథైనా ఇదే జరుగుతుందా అని ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందానికి సందేహం వచ్చింది. టామ్ హార్డీ నటించిన ఒక విషాద చిత్రం జనానికి గుంపుగా కూర్చోబెట్టి చూపించారు. ఇంకొందరికి మామూలు డాక్యుమెంటరీలు చూపించారు. నొప్పి ఎంత ఓర్చుకోగలరో కొలవడానికి వాళ్ళు వాడిన పద్ధతి మన బడిపిల్లలందరికీ తెలిసినదే, గోడకుర్చీ. వీపు గోడకానించి, కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఎంతసేపు ఉండగలరో చూడటం. సినిమాకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి వేయించారు. విషాద చిత్రం చూసినవాళ్ళు తరవాత ఎక్కువసేపు ఓర్చుకున్నారు, కలిసి చూసినవాళ్ళ మీద దగ్గరితనమూ పెరిగిందన్నారు. డాక్యుమెంటరీ చూసినవాళ్ళలో ఆ మార్పు లేదు. 2016లో అచ్చయిన పరిశోధన ఇది. నవ్వించినా, ఏడిపించినా, మనసును కుదిపే కథ పక్కపక్కన కూర్చున్నవాళ్ళను కలుపుతుంది. నేల టిక్కెట్ల రోజుల్లో, టూరింగ్ టాకీసులో ఇసుక కుప్పలు చేసుకుని ఒకరి మీద ఒకరు ఒరిగి సినిమా చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ జట్టు పేర్లు వరసగా చెప్పగలరు. సినిమా కథ మర్చిపోయినా సరే.

స్నేహితుల మెదళ్ళు అసలు మొదటినుంచే ఒకలాంటివా అన్నది మరో ప్రశ్న. 2018లో కరోలిన్ పార్కిన్సన్, థాలియా వీట్లీ ఒక విద్యాసంస్థలో 279 మంది విద్యార్థుల మధ్య ఎవరికెవరు స్నేహితులో పటం గీశారు. వాళ్ళలో 42 మందికి స్కానర్లో విడివిడిగా రకరకాల వీడియోలు చూపించారు. స్నేహితుల మెదళ్ళు ఒకేలా స్పందించాయి. స్నేహితుడి స్నేహితుడిదైతే కొంచెం తక్కువ పోలిక, ఆపైన దూరం పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. ఏ ఇద్దరు స్నేహితులో వాళ్ళ మెదడు స్పందన చూసి ఊహించగలిగేంత పోలిక అది. ‘మన టేస్టు ఒకటేరా’ అని ఇంటర్వెల్‌లో సమోసా తింటూ అనుకునే మాటకు స్కానరు సాక్ష్యం దొరికింది.

ఇక హాలు మొత్తం. జోల్టన్ నేదా, ఆల్బర్ట్ లాస్లో బరాబాషి తదితరులు రుమేనియా, హంగరీ నాటకశాలల్లో పైకప్పు నుంచి మైకు వేలాడదీసి చప్పట్లు రికార్డు చేశారు. 2000లో వచ్చిన ఆ పరిశోధనలో ఒక చక్కటి సంగతి బయటపడింది. మొదట అందరూ ఎవరి వేగంలో వాళ్ళు గబగబా కొడతారు, అది జడివాన మోత. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ తమ వేగాన్ని దాదాపు సగానికి తగ్గించుకుంటారు. నెమ్మదిగా కొట్టేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య వేగంలో తేడా తగ్గుతుంది. తేడా తగ్గగానే హాలంతా ఒక్క లయలో పడుతుంది. కానీ వేగం సగమైతే మొత్తం మోత కూడా తగ్గుతుంది కదా. ఉత్సాహం పట్టలేని జనం మళ్ళీ జోరు పెంచుతారు, లయ చెదిరిపోతుంది. అదీ ఇదీ ఒకదాని తరవాత ఒకటి వస్తూ పోతూ ఉంటాయి. ఈసారి హీరో పేరు పడ్డప్పుడు చెవి పెట్టి వినండి, మన హాల్లోనూ దొరుకుతుందేమో. స్వీడన్‌లోని ఉప్సలాలో 2013లో చేసిన ఇంకో పరిశోధన ప్రకారం, మనం చప్పట్లు మొదలుపెట్టేది పక్కవాణ్ణి చూసి కాదు, హాలు మొత్తంలో ఎంతమంది కొడుతున్నారో విని. ఈలలకూ అదే వర్తిస్తుందనుకుంటాను.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన ప్రయోగం జర్మనీలోని మైంజ్ పట్టణంలో జరిగింది. అక్కడి మాక్స్ ప్లాంక్ రసాయనశాస్త్ర సంస్థలో జోనథన్ విలియమ్స్ గాలి మీద పనిచేసే శాస్త్రవేత్త. 2013 డిసెంబరు, 2014 జనవరి నెలల్లో ఆయన బృందం ఒక సినిమా హాలు గాలి బయటికి పోయే గొట్టానికి ద్రవ్యరాశి కొలిచే పరికరాన్ని తగిలించింది. లోపల సినిమా నడుస్తుంటే, బయటికొచ్చే గాలిలో ఏయే వాయువులు ఎంతెంత ఉన్నాయో అర నిమిషానికోసారి కొలుస్తూ పోయారు. 16 సినిమాలు, 108 ఆటలు, 9,500 మంది ప్రేక్షకులు. ‘హంగర్ గేమ్స్’ రెండో భాగం ఆడినప్పుడు ప్రతి ఆటలోనూ సరిగ్గా అవే చోట్ల గాలిలో ఐసోప్రీన్ అనే వాయువు ఎగబాకింది. నాయిక దుస్తులకు మంటలంటుకున్నప్పుడు ఒకసారి, చివరి పోరాటం మొదలైనప్పుడు ఒకసారి. కార్బన్ డయాక్సైడ్ కూడా పెరిగింది. మనుషులు మారారు, రోజులు మారాయి, గాలిలో గీత మాత్రం మారలేదు.

ఐసోప్రీన్ మన కండరాల్లో పోగుపడి ఉంటుంది. ఉత్కంఠ ఎక్కువైనప్పుడు తెలియకుండానే పిడికిలి బిగిస్తాం, సీట్లో కదులుతాం, ఊపిరి బిగబట్టి వదులుతాం. ఆ కదలికకి కండరంలోది రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరిలోకి వస్తుంది. ఉత్కంఠ దృశ్యాలేవో, నవ్వించే దృశ్యాలేవో గాలిని బట్టే కొంతవరకూ చెప్పగలిగారు. తలుపులు బార్లా తీసి ఫ్యాన్లు తిప్పే పాత హాళ్ళలో ఈ ప్రయోగం సాగదు. గాలి ఒకే దారిన బయటికి పోయే ఏసీ హాలు కావాలి. సంక్రాంతి రద్దీలో కిటకిటలాడే ఏసీ హాలు మనకు ఉండనే ఉంది.

ఈ హాలు సంగతి వదిలి కాసేపు కొబ్బరితోటల్లోకి వెళ్దాం. సినిమా చూసిన ఆ జట్టే కనుమ రోజున అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కనబడుతుంది. చుట్టుపక్కల 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటి రావాలి. వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, గంటలు వేలాడదీసిన ఆ ఎత్తయిన ప్రభను భుజాలకెత్తుకుని కుర్రాళ్ళు నీళ్ళలోకి దిగుతారు. నీళ్ళు నడుము దాటి పైకొస్తాయి. కాళ్ళ కింద బురద, పైన ఒరిగిపోతున్న బరువు. ‘అశ్శరభ శరభ’ అని ఒక్క గొంతుగా అరుస్తారు. ఆ అరుపు భక్తికి ఎంతో, అడుగులు కలవడానికీ అంతే. ఒక్కడి అడుగు ముందుపడినా బరువంతా పక్కవాడి మీద పడుతుంది. గట్టు మీద నిలబడి చూస్తున్న అమ్మలూ, అన్నదమ్ములూ ఊపిరి బిగబట్టి ఉంటారు.

ఇలా గట్టు మీద నిలబడి చూసేవాళ్ళ గుండెల్లో ఏం జరుగుతుందో కొలిచిన ప్రయోగం ఒకటుంది. స్పెయిన్‌లో శాన్ పెద్రో మన్రికే అనే పల్లెలో ఏటా జూన్‌లో నిప్పులమీద నడిచే జాతర ఉంది. ఇవానా కోన్వలింకా, దిమిత్రిస్ జిగలటాస్ బృందం నడిచేవాళ్ళకూ, చూసేవాళ్ళకూ గుండె వేగం కొలిచే బెల్టులు కట్టింది. 2011లో ఫలితాలు వచ్చాయి. నడిచేవాడి గుండె వేగం ఎలా ఎగసి పడిందో, గట్టున కూర్చున్న అతని బంధుమిత్రుల గుండె వేగం కూడా అలాగే ఎగసి పడింది. అదే దృశ్యం చూస్తున్న పరాయివాళ్ళ గుండెల్లో ఆ పోలిక లేదు. ఎదురుగా జరుగుతున్నది అందరికీ ఒకటే, గుండె మాత్రం తెలిసినవాడి వెంటే పోయింది. సినిమా వాటా, స్నేహితుడి వాటా విడదీయడానికి దారి చూపించేది ఈ ప్రయోగమే.

దీన్ని కోనసీమలో చేసి చూడాలని నా కోరిక. పెద్ద ఖర్చూ లేదు. ఛాతీకి కట్టుకునే గుండె వేగం బెల్టులు ఒక ఇరవై, వాటిలో సమయం సెకన్లతో సహా కలిసి ఉండాలి. ముందే అందరి అంగీకారం తీసుకోవాలి. హాల్లో ఒకే ఆటకు పది జంటలను పంపాలి, అయిదు జంటలు చిన్ననాటి స్నేహితులు, అయిదు జంటలు అంతకుముందు ఒకరినొకరు చూడనివాళ్ళు. సినిమా ఒకటే, తెర ఒకటే, మోత ఒకటే కాబట్టి సినిమా వాటా అన్ని జంటలకూ సమానం. స్నేహితుల జంటల్లో గుండె వేగాల పోలిక పరాయి జంటల కంటే ఎంత ఎక్కువుంటే అంత స్నేహితుడి వాటా. జంటల సంఖ్య పెంచుతూ నాలుగైదు ఆటలకు మళ్ళీ మళ్ళీ కొలిస్తే యాదృచ్ఛికమేదో నిజమేదో తెలిసిపోతుంది. ఒక ఆట ఎలివేషన్లు నిండిన సూపర్‌హీరో సినిమాకు, ఒక ఆట నెమ్మదిగా సాగే కుటుంబ కథకు పెట్టుకోవాలి. అప్పుడు ఏ రకం కథ స్నేహితుడి వాటాను పెంచుతుందో కూడా కనబడుతుంది. అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కాలేజీలాంటి చోట జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం, స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు కలిస్తే ఒక సంక్రాంతి సెలవుల్లో పూర్తయ్యే పని. కనుమ నాటికి అవే బెల్టులు నీళ్ళు తగలకుండా చుట్టి ప్రభ మోసేవాళ్ళకు ఒక పది, గట్టు మీద నిలబడ్డ వాళ్ళ ఇంటివాళ్ళకు ఒక పది కట్టొచ్చు.